అరబిక్ నుంచి, అరబిక్‌లోకి ధ్రువీకృత అనువాదం: మూలపత్రం చేతికందిన దగ్గరి నుంచి ముద్ర పడేదాకా

ధ్రువీకరించిన అనువాదాన్ని ఒక కార్యాలయం తిప్పి పంపిందంటే భాష బాగాలేక పంపిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా జరగడం అరుదు. పేరులో ఒక అక్షరం పాస్‌పోర్టుతో కలవకపోవడం, పుట్టిన తేదీ ఒక రోజు అటూఇటూ కావడం, మూలపత్రం వెనకవైపు ఉన్న ముద్రను అనువదించకుండా వదిలేయడం, ధ్రువీకరణ వాక్యం కింద అనువాదకుని చిరునామా లేకపోవడం వంటివే అసలు కారణాలు. అరబిక్ విషయంలో ఈ చిక్కులు మరింత ఎక్కువ. ఇరవైకి పైగా దేశాలకు అధికార భాషగా ఉన్న అరబిక్, 1973 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి అధికార భాషల్లో కూడా చేరింది. రాతభాష అన్నిచోట్లా దాదాపు ఒకటే అయినా నెలల పేర్లు, అంకెల రూపాలు, పేర్లను రోమన్ లిపిలో రాసే తీరు దేశానికొక రకంగా ఉంటాయి. అందుకే ఈ మార్గదర్శిలో వ్యాకరణం కన్నా ఈ చిన్న విషయాలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మొదటి అడుగు: పత్రం ఎవరి చేతికి వెళ్తుందో తెలుసుకోవడం

అనువాదకుణ్ణి వెతకడానికి ముందే, అనువాదాన్ని స్వీకరించే కార్యాలయం ఏమి అడుగుతోందో లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. "సర్టిఫైడ్ అనువాదం" అనే మాటకు ప్రపంచమంతటా ఒకే అర్థం లేదు. అమెరికా వలస విభాగమైన యూఎస్‌సీఐఎస్‌కు ఇచ్చే విదేశీ పత్రం వెంట పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అది సంపూర్ణమూ ఖచ్చితమూ అని, ఆ భాష నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం తనకు ఉందని అనువాదకుడు రాసి ధ్రువీకరించాలి. అంతే తప్ప అతనికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలన్న నియమం అక్కడ లేదు. స్పెయిన్‌లో సంగతి వేరు. అక్కడ విదేశాంగ మంత్రిత్వ శాఖ నియమించిన ప్రమాణబద్ధ అనువాదకుడే ముద్ర వేయాలి. ఫ్రాన్స్‌లో అప్పీలు కోర్టుల జాబితాలో ఉన్నవారిని, జర్మనీలో న్యాయస్థానం ముందు ప్రమాణం చేసినవారిని అడుగుతారు. ఆస్ట్రేలియాలో అనువాదకులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏఏటీఐ గుర్తించిన అనువాదకుని ముద్ర కావాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో న్యాయస్థానాలకూ ప్రభుత్వ శాఖలకూ ఇచ్చే చట్టపరమైన అనువాదాన్ని ఆ దేశ న్యాయ మంత్రిత్వ శాఖ లైసెన్సు పొందినవారే చేయాలి. మరో దేశంలో ఎంత పేరున్న సంస్థ చేసినా అక్కడ అది చెల్లకపోవచ్చు.

ఇక్కడే తరచూ కలగాపులగమయ్యే నాలుగు మాటలను విడదీసి చూడాలి. వృత్తిపరమైన అనువాదం అంటే అర్హత ఉన్నవారు చేసి, మరొకరు సరిచూసినది. ధ్రువీకృత అనువాదానికి అనువాదకుని సంతకంతో కూడిన హామీ తోడవుతుంది. ప్రమాణబద్ధ అనువాదంలో ఆ హామీ ఇచ్చే వ్యక్తికి రాజ్యం ఇచ్చిన హోదా ఉంటుంది. నోటరీ మాత్రం సంతకం చేసినది ఫలానా వ్యక్తేనని చెప్తారు తప్ప అనువాదం సరైనదో కాదో చెప్పరు, ఎందుకంటే చాలా సందర్భాల్లో నోటరీకి అరబిక్ రాదు. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వీటిలో ఏదీ మూలపత్రం అసలైనదని చెప్పదు. నకిలీ పత్రానికి కూడా ఖచ్చితమైన అనువాదం ఉండవచ్చు. మూలపత్రంపై ఉన్న సంతకమూ ముద్రా నిజమైనవని చెప్పడానికి వేరే దారి ఉంది.

రెండో అడుగు: అపోస్టిలా, లీగలైజేషనా

1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందంలో చేరిన దేశాల మధ్య అపోస్టిల్ అనే ఒక్క ధ్రువపత్రం సరిపోతుంది. అరబ్ దేశాల్లో ఒమన్‌లో 2012 నుంచి, బహ్రెయిన్‌లో 2013 నుంచి, మొరాకోలో 2016 నుంచి, ట్యునీషియాలో 2018 నుంచి, సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు నుంచి ఆ ఒప్పందం అమలులో ఉంది. ఒప్పందంలో లేని దేశానికైతే లీగలైజేషన్ అనే గొలుసు పూర్తిచేయాలి. పత్రం జారీ అయిన దేశపు విదేశాంగ శాఖ ముద్ర, తర్వాత స్వీకరించే దేశపు రాయబార కార్యాలయం ముద్ర, చాలాసార్లు ఆ దేశానికి చేరాక అక్కడి విదేశాంగ శాఖ ముద్ర ఒకదాని వెంట ఒకటి పడాలి. సభ్యదేశాల జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి ఆ ఒప్పందాన్ని చూసే హేగ్ సదస్సు అనే అంతర్జాతీయ సంస్థ వెబ్‌సైటులో తాజా పట్టికను చూసుకోవాలి.

అనువాదం ముందా, అపోస్టిల్ ముందా? సాధారణంగా మూలపత్రానికి అన్ని ముద్రలూ పడ్డాకే అనువాదం మొదలుపెట్టడం మేలు. ఆ ముద్రలు కూడా పత్రంలో భాగమే, వాటినీ అనువదించాలి. ముందే అనువాదం చేయించుకున్నవారు ముద్రలు పడిన తర్వాత మళ్లీ డబ్బు కట్టి రెండోసారి చేయించుకోవడం తరచూ చూస్తాం. అయితే అనువాదానికి కూడా అపోస్టిల్ కావాలని కొన్ని కార్యాలయాలు అడుగుతాయి. అందుకే మొదటి అడుగులో ఈ ప్రశ్నను కూడా చేర్చి అడగాలి.

మూడో అడుగు: అనువాదకుణ్ణి ఎంచుకోవడం

అరబిక్ మాట్లాడగలగడం ఒకటి, అరబిక్‌లో న్యాయపత్రం రాయగలగడం మరొకటి. ఇళ్లలోనూ వీధుల్లోనూ వినిపించే మాండలికాలకూ, పత్రాల్లో రాసే ఫుస్‌హా అనే ప్రామాణిక అరబిక్‌కూ మధ్య దూరం ఎక్కువ. అదీగాక, అరబిక్ నుంచి చేసేవారందరూ అరబిక్‌లోకి చేయలేరు. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ ఈ రెండు దిశలకూ వేర్వేరు పరీక్షలు పెడుతుంది. ఏ దిశలో ఎంత అనుభవం ఉందో, మీ పత్రంలాంటి పత్రాలు ఏ దేశానివి చేశారో అడగండి. ఈజిప్టు వివాహ ఒప్పందాలు వందల సంఖ్యలో చేసినవారు కూడా మొరాకో కుటుంబ పుస్తకం దగ్గర తడబడవచ్చు.

సంస్థలతో పనిచేస్తున్నప్పుడు అనువాద సేవలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17100:2015 గురించి అడగడం ఉపయోగకరం. అనువాదకుడు కాక రెండో వ్యక్తి ఒకరు అనువాదాన్ని మూలంతో పోల్చి చూడాలని ఆ ప్రమాణం కోరుతుంది. యంత్రానువాదాన్ని దిద్దే పనికి ఐఎస్‌ఓ 18587:2017 అనే వేరే ప్రమాణం ఉంది. మీ పత్రాన్ని యంత్రం చేత చేయిస్తున్నారా అని నేరుగా అడగడంలో తప్పేమీ లేదు. అరబిక్ రాతలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు. క-త-బ అనే మూడు హల్లులను "రాశాడు" అని, "రాయబడింది" అని, "పుస్తకాలు" అని చదవవచ్చు. సందర్భం పుష్కలంగా ఉన్న వ్యాసంలో యంత్రం దీన్ని బాగానే పోల్చుకుంటుంది. సందర్భమే లేని ధ్రువపత్రపు గడిలో మాత్రం సయీద్ అనే పేరు "సంతోషంగా" అనీ, జమీల్ అనే పేరు "అందమైన" అనీ మారిపోయే ప్రమాదం ఉంది.

ధర విషయంలో ఒక్కటే చెప్తాను. పదాల లెక్క ఏ భాషలో చూస్తారో ముందే ఖరారు చేసుకోండి. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కున్నట్టే అరబిక్‌లో సముచ్చయం, భవిష్యత్ సూచకం, కర్త, కర్మ అన్నీ క్రియకే అతుక్కుంటాయి. "వసయక్తుబూనహా" అన్నది ఒకే పదం, అర్థం మాత్రం "మరియు వారు దానిని రాస్తారు" అని. మూలాన్ని లెక్కిస్తే ఒకటి, ఇంగ్లీషు అనువాదాన్ని లెక్కిస్తే అయిదు.

నాలుగో అడుగు: మూలపత్రాన్ని పూర్తిగా చదవడం

పత్రాన్ని రంగుల్లో, కనీసం 300 డీపీఐతో, ముందువైపూ వెనకవైపూ స్కాన్ చేసి ఇవ్వాలి. ఫోన్‌తో తీసిన ఫొటోలో అంచులు వంగిపోతాయి, ముద్ర మీది అక్షరాలు మసకబారతాయి. అరబ్ దేశాల పత్రాల్లో రుసుము స్టాంపులు, గుండ్రటి ముద్రలు, వాటిపై అడ్డంగా పడిన సంతకాలు, అంచుల్లో చేత్తో రాసిన నమోదు సంఖ్యలు ఎక్కువ. వీటిలో ప్రతిదానికీ అనువాదంలో చోటు ఉండాలి. చదవగలిగిన ముద్రను "గుండ్రటి ముద్ర: పౌర నమోదు కార్యాలయం" అన్నట్టు చతురస్ర కుండలీకరణాల్లో రాస్తారు. చదవలేనిదాన్ని "ముద్ర అస్పష్టం" అని నిజాయితీగా రాస్తారు. ఊహించి నింపడం నేరం కాకపోయినా, వృత్తిరీత్యా నేరమంత తప్పు.

ఇక అంకెలు. ఈజిప్టు నుంచి గల్ఫ్ వరకు చాలా పత్రాల్లో తూర్పు అరబిక్ అంకెలు వాడతారు. మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల్లో ఇంగ్లీషులో చూసే అంకెలే ఉంటాయి. తూర్పు అంకెల్లో సున్నా ఒక చుక్క, అయిదు మనం సున్నా అనుకునే గుండ్రటి గుర్తు, ఆరు మన కళ్లకు ఏడులా కనిపిస్తుంది, చేతిరాతలో రెండూ మూడూ దాదాపు కవలలే. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి. మసకబారిన స్కాన్‌లో చుక్కను మచ్చ అనుకుంటే జాతీయ గుర్తింపు సంఖ్యలో ఒక అంకె మాయమవుతుంది. సంఖ్యలను గట్టిగా చదువుతూ ఒకసారి, చివరి నుంచి మొదటికి ఒకసారి సరిచూడడం నాకు అలవాటు. పాతకాలపు పద్ధతే అయినా ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

అయిదో అడుగు: పేర్లు

దీన్ని అనువాదం మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. ఒకే అరబిక్ పేరును రోమన్ లిపిలో అయిదారు రకాలుగా రాయవచ్చు, వాటిలో ఏదీ తప్పు కాదు. కానీ మీ పత్రానికి సరైనది ఒక్కటే, పాస్‌పోర్టులో ఉన్నది. జీమ్ అనే అక్షరాన్ని ఈజిప్టువారు "గ" అని పలుకుతారు కాబట్టి, ఒకే పేరు ఒకరి పాస్‌పోర్టులో గమాల్, మరొకరి పాస్‌పోర్టులో జమాల్ అవుతుంది. ఉత్తర ఆఫ్రికాలో ఫ్రెంచి అలవాటు ప్రకారం "ష" ధ్వనిని సీహెచ్ అక్షరాలతో రాస్తారు. అందుకని పత్రంలోని ప్రతి వ్యక్తి పాస్‌పోర్టు ప్రతినీ అనువాదకుడికి ఇవ్వండి. తల్లిదండ్రుల పాస్‌పోర్టులు లేకపోతే వారి పేర్లు గతంలో సమర్పించిన పత్రాల్లో ఎలా ఉన్నాయో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

పేరు నిర్మాణం కూడా జాగ్రత్తగా చూడాలి. ఈజిప్టు పత్రంలో తరచూ సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా ఉంటాయి. ఇంటిపేరు అనేది విడిగా ఉండకపోవచ్చు. ఆ వరుసను విడగొట్టి చివరి మాటను ఇంటిపేరు గడిలో పెట్టే అధికారం అనువాదకుడికి లేదు. ఉన్నది ఉన్నట్టు రాసి, అవసరమైతే అనువాదకుని గమనిక చేర్చాలి. మూలపత్రంలోనే పేరు పాస్‌పోర్టుకు భిన్నంగా ఉంటే దాన్ని గుట్టుగా సరిదిద్దకూడదు. పత్రంలో ఉన్నట్టే రాసి, "పాస్‌పోర్టులో ఈ పేరు ఇలా ఉంది" అని గమనిక పెట్టాలి.

అరబిక్‌లోకి వెళ్లేటప్పుడు ఇబ్బంది మరో వైపు నుంచి వస్తుంది. ఆ లిపిలోని 28 అక్షరాల్లో ప, చ, ట, ళ ధ్వనులకు చోటు లేదు, మహాప్రాణాల తేడా నిలవదు. పద్మ అనే పేరు "బద్మా" అవుతుంది. "చ"కు రెండు అక్షరాలు కలపాలి. గోపాల్‌లోని "గ"ను ఈజిప్టులో జీమ్‌తో రాస్తే, మరోచోట గైన్‌తోనో కాఫ్‌తోనో రాస్తారు. ఆ దేశం ఇచ్చిన వీసా మీదో నివాస కార్డు మీదో మీ పేరు అరబిక్‌లో ఇప్పటికే ఉంటే, అది మీకు నచ్చినా నచ్చకపోయినా అదే వాడాలి.

ఆరో అడుగు: తేదీలు

సౌదీ పత్రాల్లో హిజ్రీ తేదీలు, అంటే ఇస్లామిక్ చాంద్రమాన పంచాంగపు తేదీలు, సర్వసాధారణం. హిజ్రీ సంవత్సరం 354 లేదా 355 రోజులు. సౌదీలో హిజ్రీ తేదీలకు అధికారికంగా ఉమ్ అల్‌-ఖురా పంచాంగాన్ని వాడతారు. గణిత పట్టికల ఆధారంగా నడిచే మార్పిడి సాధనాలు కొన్నిసార్లు దానికి ఒక రోజు తేడాతో ఫలితం ఇస్తాయి. ఉదాహరణకు హిజ్రీ 1400 ముహర్రం 1 సౌదీలో 1979 నవంబరు 20. బాగా వాడుకలో ఉన్న గణిత పట్టిక ప్రకారం అదే రోజు నవంబరు 21. ఆనాడు పుట్టిన మనిషి ఒక పత్రంలో ఒక తేదీతో, మరో పత్రంలో మరో తేదీతో కనిపిస్తే అధికారికి అనుమానం రావడం సహజం. కాబట్టి హిజ్రీ తేదీని ముందు ఉన్నట్టే రాసి, పక్కన కుండలీకరణాల్లో గ్రెగోరియన్ తేదీని ఇచ్చి, ఆ మార్పిడి అనువాదకుడు చేసిందని తెలియజేయాలి. పత్రంలోనే రెండు తేదీలూ ఉండి అవి పొసగకపోతే రెండింటినీ యథాతథంగా ఉంచాలి.

గ్రెగోరియన్ నెలల పేర్లు కూడా ఒకే తీరులో ఉండవు. ఆగస్టు నెలను ఈజిప్టులో అగుస్తుస్ అంటారు, సిరియా, ఇరాక్‌లలో ఆబ్ అంటారు, అల్జీరియా, ట్యునీషియాల్లో ఊత్ అంటారు, మొరాకోలో గుష్త్ అంటారు. సిరియా, ఇరాక్ వైపు పేర్లలో మరో వల ఉంది. "మొదటి కానూన్" డిసెంబరు, "రెండో కానూన్" జనవరి. వరుస సంఖ్యను చూసి తొందరపడితే నెలతో పాటు సంవత్సరపు లెక్క కూడా తప్పుతుంది. అనువాదంలో నెలను ఎప్పుడూ అక్షరాల్లోనే రాయాలన్నది నా నియమం. అంకెల్లో రాస్తే అయిదో నెల మూడో రోజా, మూడో నెల అయిదో రోజా అన్న ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది.

ఏడో అడుగు: అనువాదం

కుటుంబ పత్రాల్లో ఒక్కో పదం వెనక ఒక హక్కు ఉంటుంది. మహర్ అంటే వరుడు వధువుకు ఇచ్చేది. ఇంగ్లీషు అనువాదాల్లో దాన్ని డౌరీ అని రాసేస్తుంటారు, ఆ ఇంగ్లీషు నుంచి తెలుగు చేసినవారు "కట్నం" అంటారు. దాంతో డబ్బు చేతులు మారే దిశే తలకిందులవుతుంది. మహర్‌ను మహర్ అనే ఉంచి, వెంటనే చెల్లించే భాగాన్ని, వాయిదా వేసిన భాగాన్ని విడివిడిగా చెప్పాలి. తలాఖ్ విషయంలోనూ అంతే. ఉపసంహరించుకోదగిన తలాఖ్ వేరు, తుది తలాఖ్ వేరు. ఊరికే "విడాకులు" అని రాస్తే ఆ స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా లేదా అన్న ప్రశ్నకు జవాబే మాయమవుతుంది. వకాలా అనే అధికార పత్రం సాధారణమా, ప్రత్యేకమా అన్న విశేషణాన్ని ఎప్పుడూ వదలకూడదు.

అరబిక్ నుంచి తెలుగుకు ఇంగ్లీషు మీదుగా వెళ్లడం ఎంత నష్టమో బంధుత్వ పదాల దగ్గర బాగా తెలుస్తుంది. అరబిక్‌లో తండ్రి సోదరుడు అమ్మ్, తల్లి సోదరుడు ఖాల్. ఇంగ్లీషులో ఈ తేడా పోతుంది, తెలుగులో ఉంది. అయితే అమ్మ్ అనే మాట పెదనాన్నకూ బాబాయికీ కూడా వర్తిస్తుంది కాబట్టి "తండ్రి సోదరుడు" అనే రాయాలి. వివాహ పత్రంలో వధువు వరుడికి "బింత్ అమ్మ్" అని ఉంటే మరీ జాగ్రత్త. ఆమె తండ్రి సోదరుని కుమార్తె. తెలుగు వరసలో ఆమె చెల్లెలో అక్కో అవుతుంది. అది వివాహ పత్రంలో పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇలాంటి చోట వరస పేరు కాకుండా సంబంధాన్ని విప్పి రాయడమే క్షేమం.

ఎదురు దిశలో లింగం, వచనం అడ్డుపడతాయి. "సాక్షి హాజరయ్యారు" అన్న తెలుగు వాక్యం ఆడా మగా తేల్చదు. అరబిక్ క్రియ తేల్చకుండా ముందుకు కదలదు. ఇద్దరు సాక్షులుంటే బహువచనం కాదు, ద్వివచనం వాడాలి. అందుకని పత్రంలో పేర్కొన్న ప్రతి వ్యక్తి స్త్రీయో పురుషుడో అనువాదకుడికి ముందే చెప్పండి.

తొమ్మిదో శతాబ్దంలో గ్రీకు వైద్యగ్రంథాలను అనువదించిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్, పని మొదలుపెట్టే ముందు దొరికిన రాతప్రతులన్నిటినీ పోల్చి పాఠాన్ని సరిచేసుకునేవాడు. మాటకు మాట కాక, వాక్యపు భావాన్ని పట్టుకుని రాసేవాడు. ధ్రువీకృత అనువాదానికి అతని మొదటి అలవాటు పూర్తిగా పనికొస్తుంది. రెండోది ఒప్పందపు నిబంధనలకు పనికొస్తుంది గానీ ధ్రువపత్రపు గడులకు కాదు. అక్కడ మూలంలో ఉన్న ప్రతి గడికీ అనువాదంలో ఒక గడి ఉండాలి, ఖాళీగా ఉన్నదాన్ని "ఖాళీ" అని రాయాలి.

ఎనిమిదో అడుగు: పేజీ కూర్పు

అరబిక్‌లోకి చేసిన పత్రంలో పట్టిక మొదటి నిలువు వరుస కుడివైపుకు రావాలి. వర్డ్‌లో పేరా దిశను కుడి నుంచి ఎడమకు మార్చకుండా కేవలం కుడి అంచుకు జరిపితే విరామచిహ్నాలు తప్పు చివరన పడతాయి, ఫోన్ నంబరు ముందున్న ప్లస్ గుర్తు వెనక్కు పోతుంది. అరబిక్‌ను పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అక్షరాలు కలవకుండా విడివిడిగా, తిరగబడిన వరుసలో కనిపిస్తాయి. భాష రానివారికి అది మామూలుగానే అనిపిస్తుంది, కాబట్టి ముద్రణకు ముందు పీడీఎఫ్‌ను అరబిక్ చదవగలిగినవారే చూడాలి. రెండు భాషల ఒప్పందాన్ని పక్కపక్క వరుసల్లో పెట్టి, నిబంధనల సంఖ్యలు ఎదురెదురుగా ఉండేట్టు చూడాలి. భేదం వస్తే ఏ పాఠం చెల్లుతుందో ఒప్పందమే చెప్పాలి. యూఏఈ ప్రధాన న్యాయస్థానాల్లో విచారణ భాష అరబిక్ కాబట్టి, అక్కడికి వెళ్లే ఒప్పందంలో అరబిక్ వరుసను లాంఛనంగా తీసుకోవడం ప్రమాదకరం.

తొమ్మిదో అడుగు: సరిచూత, ధ్రువీకరణ, కుట్టు

రెండో వ్యక్తి సరిచూశాక, సంతకానికి ముందు చిత్తుప్రతిని మీకు పంపమనండి. మీకు అరబిక్ రాకపోయినా పేర్లు, తేదీలు, సంఖ్యలు పాస్‌పోర్టుతో పోల్చగలరు. ఆ పని మీకన్నా శ్రద్ధగా మరొకరు చేయరు.

ధ్రువీకరణ వాక్యం పొడవుగా ఉండనక్కర్లేదు. "దీనికి జతచేసిన అరబిక్ పత్రానికి ఇది సంపూర్ణమైన, ఖచ్చితమైన ఇంగ్లీషు అనువాదమనీ, ఈ రెండు భాషల మధ్య అనువదించే సామర్థ్యం నాకు ఉందనీ ధ్రువీకరిస్తున్నాను" అన్న వాక్యం, దాని కింద పేరు, సంతకం, తేదీ, చిరునామా ఉంటే చాలా చోట్ల సరిపోతుంది. బ్రిటన్‌లో అనువాదకుడినో సంస్థనో సంప్రదించే వివరాలు కూడా ఉండాలి. ఈ వాక్యాన్ని స్వీకరించే కార్యాలయానికి తెలిసిన భాషలోనే రాయాలి. అనువాదం, ధ్రువీకరణ, మూలపత్రపు నకలు మూడింటినీ ఒకటిగా కుట్టి, పేజీలకు "3లో 1వ పేజీ" అన్నట్టు సంఖ్యలు వేసి, అతుకు మీదుగా ముద్ర పడేట్టు చూడాలి. స్కాన్ చేసుకోవడానికని ఆ కుట్టును విప్పితే ఆ ప్రతి విలువ పోవచ్చు, అందుకే మొదట్లోనే రెండు ప్రతులు అడిగి పెట్టుకోవాలి.

కార్యాలయం అభ్యంతరం చెబితే అది ఏ పేజీలో, ఏ పంక్తిలో, ఏ నియమం ప్రకారమో రాసి ఇమ్మనండి. పొరపాటు అనువాదకుడిదైతే కలంతో కొట్టివేసి పక్కన రాయించుకోవద్దు. సరిదిద్దిన పూర్తి పత్రాన్ని కొత్త తేదీతో, కొత్త సంతకంతో మళ్లీ జారీ చేయించుకోండి. పొరపాటు మూలపత్రంలోనే ఉంటే దాన్ని జారీ చేసిన కార్యాలయమే సవరించాలి, ఆ సవరణ మీది ముద్రలు కూడా పూర్తయ్యాక అనువాదకుడి దగ్గరికి తిరిగి రావాలి.